టికెట్టు వేరు, ఓటు వేరు

మొన్న మా సంఘం వనభోజనాల్లో ఒక పెద్దాయన తేల్చేశారు: "మీ గోదావరి వాళ్లకు సినిమా పిచ్చి. తెర మీద ఎవరు కనిపిస్తే వాళ్లకే ఓటు." నోట్లో పులిహోర ఉండి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ సంగతి వేరు. ఆ తొమ్మిది నెలలనే అందరికీ కొలబద్దగా పెట్టడం దగ్గరే తేడా వస్తోంది. 2009లో చిరంజీవి పాలకొల్లులో నిలబడ్డారు. పుట్టింది దగ్గర్లోని మొగల్తూరులో, పాలకొల్లేమో మామగారు అల్లు రామలింగయ్య పుట్టిన ఊరు. అల్లుడని కూడా చూడకుండా ఓడించారు! (మర్యాదలకు పేరుపడ్డ జిల్లా మాది.) ఆయనను అసెంబ్లీకి పంపింది ఎక్కడో ఉన్న తిరుపతి. 2019లో పవన్ కల్యాణ్‌కు భీమవరంలోనూ అదే జరిగింది, గాజువాకలోనూ ఓడారు. రాష్ట్రం మొత్తం మీద ఆయన పార్టీ జనసేనకు దక్కిన ఒకే ఒక్క స్థానం మా కోనసీమలోని రాజోలు. అక్కడ నిలబడింది సినిమా నటుడు కాదు. హాలు దగ్గర కటౌటుకు పాలు పోసిన చేతులే బూత్‌లో ఇంకో మీట నొక్కాయన్నమాట.

మరి 2024లో పిఠాపురం పవన్‌కు 70 వేలు దాటిన మెజారిటీ ఎందుకిచ్చింది? జనసేన పోటీ చేసిన 21 అసెంబ్లీ స్థానాలూ ఎలా వచ్చాయి? పొత్తు కలిసింది, నిజమే. కానీ అన్న చిరంజీవి 2011లో తన ప్రజారాజ్యం పార్టీని కాంగ్రెస్‌లో కలిపేస్తే, తమ్ముడు పవన్ రెండుచోట్లా ఓడి కూడా దుకాణం మూయలేదు. మా వాళ్లు లెక్కలోకి తీసుకున్నది ఆ మొండితనాన్నే అని నా నమ్మకం.

ఇప్పుడాయన ఉప ముఖ్యమంత్రి. చేతిలో పంచాయతీరాజ్‌తో పాటు గ్రామీణ నీటి సరఫరా కూడా ఉంది. పాలకొల్లు దగ్గర మా ఇంటి ముందే కాలువ. అయినా అమ్మ ఇరవై లీటర్ల టిన్ను కొని తాగుతుంది. చేపల చెరువులు వచ్చాక మా నూతి నీళ్లు ఉప్పెక్కాయి. ఇది ఈ ప్రభుత్వంతో మొదలైంది కాదు, ఎన్నో ఏళ్ల నాటి మాట. ఓటు ఎవరికి వేశావని ఎన్నికల రోజు ఫోనులో అడిగాను.

"ఉండరా, టిన్ను అబ్బాయి వచ్చాడు" అని పెట్టేసింది.