టీడీఎస్ మీటరు చూసి నల్లా నీళ్లు పారబోయకండి

ఒక మెసేజ్, దానితో పాటు ఒక చిన్న వీడియో మన కుటుంబ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఆగకుండా తిరుగుతున్నాయి. వాటి సారాంశం ఇది: ఇంటికొచ్చే నల్లా నీళ్లు మెల్లగా చంపే విషం. టీడీఎస్ 150 దాటిన నీళ్లు తాగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. నీళ్లలో కరెంటు పెట్టి చూస్తే మురికంతా బయటపడుతుంది. క్లోరిన్ క్యాన్సర్ తెస్తుంది. సర్కారు నీళ్లను ఎవరూ పరీక్షించరు. కాబట్టి ఆర్‌వో మిషనో (సన్నటి పొర గుండా నీళ్లను నెట్టి లవణాలు తీసేసే యంత్రం), ఇరవై లీటర్ల క్యానో తప్ప వేరే దారి లేదు.

మాది ప్రకాశం ప్రాంతంలోని కనిగిరి వైపు. నీళ్లు మనుషుల్ని ఏం చేస్తాయో చూస్తూ పెరిగినవాణ్ని. నీళ్ల గురించి భయపడవద్దని చెప్పడం లేదు. భయపడాల్సిన దాన్ని వదిలేసి భయపడనక్కర్లేని దాని వెంట పరుగెత్తిస్తున్నారని చెబుతున్నాను.

"టీడీఎస్ 150 దాటితే విషం"

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం. మన నీళ్లలో అందులో ఎక్కువ భాగం కాల్షియం, మెగ్నీషియం, సోడియం, బైకార్బొనేట్లు, క్లోరైడ్లు, సల్ఫేట్లే. పెన్నులా ఉండే ఆ మీటరు వీటిలో దేన్నీ విడిగా కొలవదు. కొసన ఉన్న రెండు పిన్నుల మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, దాన్నొక గుణకంతో హెచ్చించి అంకె చూపిస్తుంది. అంతే దాని పని.

మన దేశంలో తాగునీటికి ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటిది. అందులో టీడీఎస్ హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే నీటి వనరు లేని చోట 2000 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే టీడీఎస్‌కు ఆరోగ్యపరంగా హద్దే పెట్టలేదు. అది చెప్పింది రుచి గురించి. 600 లోపు ఉంటే నీళ్లు రుచిగానే ఉంటాయి, 1000 దాటేకొద్దీ తాగబుద్ధి కాదు, మరీ తక్కువైతే చప్పగా ఉంటాయి. 150 దాటితే విషమని ఆ సంస్థ ఎక్కడా అనలేదు. కృష్ణా, గోదావరి నుంచి తెచ్చి శుద్ధి చేసి హైదరాబాద్‌కు పంపే నీళ్లలో టీడీఎస్ సాధారణంగా 500 లోపే ఉంటుంది. ఆ నీళ్లలో మీటరు పెట్టి 280 చూపించి ఇల్లాలిని భయపెట్టేవాడు ఆరోగ్యం సంగతి చెప్పడం లేదు, సరుకు అమ్ముకుంటున్నాడు.

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. ఈ మీటరు మంచి నీళ్లను చెడ్డవని చెప్పడమే కాదు, చెడ్డ నీళ్లను మంచివని కూడా చెబుతుంది. ఫ్లోరైడ్‌నే తీసుకోండి. ఐఎస్ 10500లో దాని హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 1.5. ఒక బోరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 ఉంటే సరే, 4 ఉంటే పిల్లల పళ్లు పాడవుతాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. ఆ రెంటికీ మధ్య తేడా 3 మిల్లీగ్రాములే. టీడీఎస్ 400 ఉన్న నీళ్లలో ఆ 3 మిల్లీగ్రాముల తేడాను మీటరు పట్టుకోలేదు. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, మన దేశంలో 1937లో తొలిసారి గుర్తించింది మా ప్రకాశం ప్రాంతంలోనే. నల్లగొండ సంగతి అందరికీ తెలుసు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించినప్పుడు దానికి పేరే 'నల్లగొండ టెక్నిక్' అని పెట్టారు. మా ప్రాంతంలో నా ఈడు వాళ్లు చాలామంది ఇప్పటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. పళ్ల మీద ఆ గోధుమరంగు చారలు చిన్నప్పుడు తాగిన నీళ్ల వల్ల పడ్డవే. ఆ నీళ్లు చూడటానికి తేటగానే ఉండేవి.

ఇక సూక్ష్మజీవులు. ఆ మీటరుకు కలరా క్రిమి కనిపించదు, మలం నుంచి వచ్చే ఈ.కొలి బ్యాక్టీరియా కనిపించదు, కామెర్ల వైరస్ కనిపించదు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నీళ్లు తాగి జనం చనిపోయారు. 2018లో గుంటూరులో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాయి. పైపులోకి మురుగు కొద్దిపాటిగా చేరితే టీడీఎస్ అంకె ఏమంత మారదు. అంకె 300 దగ్గరే ఉంటుంది, ఇంట్లో వాళ్లు ఆసుపత్రిలో ఉంటారు.

ఇదే మెసేజ్‌లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కిడ్నీ జబ్బులకు కూడా టీడీఎస్సే కారణమని ఒక ముక్క తగిలిస్తున్నారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎందుకొస్తోందో పరిశోధకులు ఇంతవరకు తేల్చలేదు. సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ, ఒంట్లో నీరు ఇంకిపోవడం, వీటన్నిటి మీదా అనుమానాలున్నాయి. హిరమండలం జలాశయం నుంచి అక్కడికి వంశధార నీళ్లు తేవడం మంచి పని, భూగర్భ జలం మీద ఆధారపడటం తగ్గుతుంది. అంతమాత్రాన మీటరు అమ్మేవాడి మాట రుజువైపోదు.

"కరెంటు పెడితే మురికి బయటపడుతుంది"

వీడియోలో అందరినీ కట్టిపడేసేది ఇదే కాబట్టి కాస్త దగ్గరగా చూద్దాం. రెండు గ్లాసులు. ఒకదానిలో నల్లా నీళ్లు, ఇంకోదానిలో ఆర్‌వో నీళ్లు. పైన ఒక ప్లాస్టిక్ పెట్టె, దాని నుంచి ప్రతి గ్లాసులోకి రెండేసి లోహపు కడ్డీలు, ఒకటి ఇనుముది, ఒకటి అల్యూమినియంది. స్విచ్ వేశాక నల్లా నీళ్లు ముందు పచ్చగా, తర్వాత తుప్పు రంగుకు తిరిగి, పైన మడ్డి తేలుతుంది. ఆర్‌వో నీళ్లు దాదాపు అలాగే ఉంటాయి.

ఆ తుప్పు రంగు నీళ్లలోది కాదు, కడ్డీది. నల్లా నీళ్లలో లవణాలున్నాయి కాబట్టి కరెంటు పారుతుంది, ఇనుప కడ్డీ కరిగి ఐరన్ హైడ్రాక్సైడ్‌గా మారి తేలుతుంది. ఆర్‌వో నీళ్లలో లవణాలు చాలా తక్కువ, కరెంటు పెద్దగా పారదు, కడ్డీ అంతగా కరగదు. మీ ఇంటికి వచ్చి ఎవరైనా ఇది చూపిస్తే ఆ ఆర్‌వో గ్లాసులో చిటికెడు వంటింటి ఉప్పు వేసి మళ్లీ స్విచ్ వేయమనండి. మీ కళ్ల ముందే అదీ తుప్పు రంగుకు తిరుగుతుంది. మనం రోజూ అన్నంలో తినే ఉప్పే అది. ఈ ప్రదర్శన చూసి అప్పు చేసి మిషన్లు కొన్న కుటుంబాలున్నాయి. నాకు ఒళ్లు మండేది అక్కడే.

"క్లోరిన్ వల్ల క్యాన్సర్"

మొత్తం మెసేజ్‌లో ప్రాణాల మీదికి తెచ్చే మాట ఇది. దీనిలో గోరంత నిజం ఉంది. నీళ్లలో ఆకులు, నాచు వంటి వాటి నుంచి వచ్చిన సేంద్రియ పదార్థం ఉంటే, క్లోరిన్ దానితో కలిసి ట్రైహాలోమీథేన్లు అనే పదార్థాలు పుడతాయి. వాటి వల్ల దీర్ఘకాలంలో ముప్పు ఉండొచ్చనే ఐఎస్ 10500లో వాటికి హద్దులు పెట్టారు. క్లోరోఫాం హద్దు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. క్లోరిన్ వేసే ముందే పటికతో తేర్చి, ఇసుక పడకల్లో వడగట్టి ఆ సేంద్రియ పదార్థాన్ని తగ్గించడం దీనికి విరుగుడు. ఈ ఉప పదార్థాలకు భయపడి క్రిమి సంహారంలో మాత్రం రాజీ పడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. క్లోరిన్ లేని నీళ్లతో వచ్చే ముప్పు ఎప్పుడో రాదు, ఈ వారమే వస్తుంది.

శుద్ధి కేంద్రంలో వేసిన క్లోరిన్ అక్కడితో అయిపోకూడదు. కొంత మిగిలి పైపులో ప్రయాణించి మీ నల్లా దాకా రావాలి. దారిలో ఎక్కడైనా లీకేజీ నుంచి క్రిమి లోపలికొస్తే దాన్ని చంపడానికి కాపలాగా ఉండేది ఆ మిగులే. నల్లా దగ్గర కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని ప్రమాణం. దీన్ని చూడటం చాలా సులువు. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెలో గాజు గొట్టం ఉంటుంది. అందులో నల్లా నీళ్లు పట్టి, ఆర్థోటోలిడిన్ అనే రసాయనం చుక్కలు వేసి కలిపితే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. అసలు రంగే రాలేదంటే క్లోరిన్ లేదు. భయపడాల్సింది అప్పుడు. ఊళ్లలో తరచుగా జరిగేదీ అదే. తెరిచిన బ్లీచింగ్ పౌడర్ బస్తా తేమగా ఉన్న గదిలో నెలల తరబడి పడి ఉంటే దానిలోని క్లోరిన్ ఎగిరిపోతుంది. తర్వాత ట్యాంకులో ఎంత వేసినా సున్నం వేసినట్టే.

నీళ్లలో క్లోరిన్ వాసన నచ్చకపోతే బిందెలో పట్టి కాసేపు ఉంచండి, పోతుంది. ఆ వాసన మీకు శత్రువు కాదు.

"సర్కారు నీళ్లను ఎవరూ పరీక్షించరు"

పరీక్షిస్తారు. హైదరాబాద్‌లో నగరానికి నీళ్లిచ్చే సంస్థ జలమండలికి సొంత నాణ్యత విభాగం ఉంది, నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ కూడా శాంపిళ్లు పరీక్షిస్తుంది. పల్లెల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖకు ల్యాబులున్నాయి. 2019 ఆగస్టు 15న మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్ వాడటం నేర్పించాలన్నది నియమం. 2019 నవంబరులో దేశంలోని పెద్ద నగరాల నల్లా నీళ్లను భారత ప్రమాణాల సంస్థ పరీక్షించి ర్యాంకులు ఇచ్చినప్పుడు ముంబయి మొదట, దాని వెనుకే హైదరాబాద్ నిలిచాయి. ఢిల్లీ శాంపిళ్లు తప్పాయి.

ఇక్కడ మాత్రం సర్కారు వైపున్న లోపాన్ని దాచను. పరీక్షలు జరగడం వేరు, జరగాల్సిన చోట, జరగాల్సిన రోజున జరగడం వేరు. శుద్ధి కేంద్రం గేటు దగ్గర తీసిన శాంపిల్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. పాడయ్యేది లైను చివరి వీధిలో, మురుగు కాలువను దాటే పైపులో. పల్లెల్లో సూక్ష్మజీవుల పరీక్ష ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ తర్వాతా చేస్తే చాలన్నది నియమం. వానాకాలం మధ్యలో పైపు పగిలితే ఆ రెండు పరీక్షలకూ అది దొరకదు. పైగా ఫలితాలు ఎక్కడో పోర్టల్‌లో ఉంటాయి, ఊరి పంచాయతీ గోడ మీద ఉండవు. మన పోరాటం దీని మీద ఉండాలి. వారానికోసారి చివరి నల్లాల దగ్గర క్లోరిన్ ఎంతుందో బోర్డు మీద రాయమని గ్రామసభలో, కాలనీ సంఘంలో అడగాలి. ఎవరూ పరీక్షించరని చేతులు దులుపుకుని క్యాను కొనుక్కునే ఇంటివాళ్లు ఆ ప్రశ్న అడగరు. వాళ్లు అడగకపోతే, క్యాను కొనలేని పక్కింటి వాళ్ల గొంతు ఒక్కటే మిగులుతుంది.

"ఆర్‌వో, క్యాను తప్ప దారి లేదు"

ఆర్‌వో అక్కర్లేదని అనను. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లకు, సముద్ర తీరంలో ఉప్పు తేలిన నీళ్లకు అది అవసరం. నది నీళ్లు వచ్చేదాకా మా వైపు ఎన్నో ఊళ్లను కాపాడింది ఆర్‌వో ప్లాంట్లే. శుద్ధి చేసిన నది నీళ్లు వచ్చే ఇంట్లో దాని పని ఏమిటి? లీటరు మంచి నీళ్లకు దాదాపు మూడు లీటర్లు పారబోసే మిషన్లు ఇళ్లలో మామూలు. 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్, టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్‌వో వాడకాన్ని నిషేధించాలని కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది కూడా ఇందుకే.

క్యాను సంగతి మరీ ఆలోచించాల్సింది. ఆర్‌వో నీళ్లలో మిగులు క్లోరిన్ ఉండదు. క్యాను సరిగా కడగకపోయినా, మూత దగ్గర చెయ్యి తగిలినా, డిస్పెన్సర్ కుళాయిలో పాకుడు పట్టినా లోపలికి చేరిన క్రిమిని ఆపేది ఏదీ లేదు. వీధి చివరి షెడ్డులో నడిచే ప్లాంటుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు ఉందా, నీళ్లు వడగట్టే పొర (మెంబ్రేన్) ఎప్పుడు మార్చారు, చివరిసారి ల్యాబు పరీక్ష ఎప్పుడు చేయించారు అని అడిగి చూడండి. జలమండలిని అడిగే హక్కు మనకుంది. ఆ షెడ్డు యజమానిని ఎవరడుగుతున్నారు?

కాచి తాగితే చాలు అనేవాళ్లకు ఒక మాట. పది నిమిషాలు మరిగిస్తే క్రిములు చస్తాయి, అనుమానం ఉన్నప్పుడు తప్పక మరిగించండి. ఫ్లోరైడ్, నైట్రేట్ మాత్రం పోవు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి.

మన వైపు నుంచి మానుకోవాల్సిందీ ఒకటుంది. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగడం. నీళ్లు వదలని గంటల్లో పైపులో ఒత్తిడి ఉండదు. అప్పుడు మోటారు లాగితే లీకేజీల నుంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది. అది మీ సంపులోకే కాదు, వీధి మొత్తానికీ వెళ్తుంది.

నీళ్లు రంగు మారినా, మురుగు వాసన వచ్చినా తాగకుండా ఆపి, ముందు చుట్టుపక్కల ఇళ్లకు చెప్పి, ఏ రోజు ఎన్ని గంటలకు అలా వచ్చాయో రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయండి. హైదరాబాద్‌లో జలమండలి నంబరు 155313. శాంపిల్ తీయడానికి వచ్చిన వాళ్లను సంపులోంచి, ట్యాంకులోంచి కాకుండా మెయిన్ లైను నుంచి నేరుగా వచ్చే నల్లా దగ్గరే పట్టమనండి. సూక్ష్మజీవుల పరీక్షకైతే క్రిమిరహితం చేసిన సీసా కావాలి. అందులో ముందే కాస్త సోడియం థయోసల్ఫేట్, అంటే క్లోరిన్‌ను పనిచేయకుండా ఆపే రసాయనం, ఉండాలి. అది లేకపోతే దారిలోనే క్లోరిన్ క్రిముల్ని చంపేసి, మీ నల్లాలో ఉన్న క్రిములు రిపోర్టులో కనబడవు. సీసాను ఐసు పెట్టెలో పెట్టి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. ఇవన్నీ చేస్తున్నారో లేదో పక్కనే నిలబడి చూడండి, రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి.