‘ఆయ్’ ప్రాణాపాయంలో ఉంది

పెద్దలకు విన్నవించుకునేది ఏమనగా, మా కోనసీమలో ‘ఆయ్’ చచ్చిపోతోంది. చంపుతున్నది ఒక బొటనవేలు.

తెలియనివారి కోసం: ఆయ్ అంటే అవునని. కానీ అంతటితో అయిపోలేదు. కాస్త సాగదీసి ‘ఆ...య్’ అంటే ‘నమ్మలేదు గానీ, కానివ్వండి’ అని. చప్పున అంటే ‘విన్నాం, ఇక ఆపండి’ అని. అప్పు అడిగినప్పుడు నెమ్మదిగా వచ్చే ఆయ్ ఉంది చూశారూ, అది వచ్చిందంటే మర్యాదగా కాఫీ తాగి వచ్చేయాలి.

మొన్న మా పెదనాన్నకి కొబ్బరి దింపు గురించి మేనల్లుడు వాట్సాప్‌లో ‘మావయ్య గారూ’ అంటూ అరపేజీ రాశాడు. ఈయన బొటనవేలు బొమ్మ పంపారు. సరేనన్నారనుకుని వాడు దింపు తీయించేశాడు. ఈయన ఉద్దేశం సాగదీసిన ఆయ్! ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు. పొద్దున్నే దేవుడి బొమ్మలు మాత్రం ఠంచనుగా పంపుకుంటున్నారు.

భాష పాడైపోయిందని మా వీధి అరుగు ఏకగ్రీవంగా తీర్మానించింది. నేనూ సంతకం పెట్టబోయాను. తీరా చూస్తే 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ గారు తెలుగు భారతానికి తొలి పద్యమే సంస్కృతంలో రాసి ఉన్నారు. ఇక ‘హ్యాపీ బర్త్‌డే అండి’ అనే కుర్రాణ్ణి ఏ మొహం పెట్టుకుని తిట్టను?

టెలిగ్రాం రోజులే నయం అంటారు కొందరు. 2013 జులైలో ఆపేశారు కాబట్టి ఎంత పొగిడినా చెల్లుతుంది. మాటకింత అని డబ్బు కట్టాల్సి వస్తే గోదావరి మనిషైనా ‘గారు’, ‘అండి’ మింగేయాల్సిందే. శుభాకాంక్షలకైతే అంకెలుండేవి. ఇక్కడ అంకె చెబితే అవతల వాక్యం అందేది. పెళ్లికి అంకె పంపిన తరం, బొమ్మ పంపే తరానికి సంస్కారం నేర్పుతోంది!

ఉత్తరాలా? ‘ఉభయకుశలోపరి’ అని మొదలెట్టి, రెండో లైనులోనే ‘నాన్నకి జ్వరం తగ్గలేదు’ అని రాసినవాళ్లం.

అయినా ప్రభుత్వం వారిని ఒకటి అడగదలచాను. ఫోన్లలో ఆయ్‌కి కనీసం నాలుగు బొమ్మలు పెట్టించండి. అప్పు ఆయ్‌కి వేరే రంగు ఉంటే మరీ మంచిది.

ఇదంతా రాసి ముందుగా పెదనాన్నకి పంపాను. బొటనవేలు వచ్చింది. ఏ రకమో కనుక్కుందామని రేపు అమలాపురం బస్సెక్కుతున్నాను.