మోకాలికి లక్షలు, దుప్పటికి లోభం

చలికాలం పొద్దున మోకాలి మార్పిడి కోసం ఏ ఆసిఫాబాద్ నుంచో, ములుగు నుంచో వరంగల్ చేరిన పెద్దమనిషి పరిస్థితి చూడండి. రాత్రి నుంచి కడుపు ఖాళీ. ఒంటి మీద పల్చటి గౌను. థియేటర్ బయట స్ట్రెచర్ మీద గంట పడిగాపులు. లోపల ఏసీ 18 డిగ్రీలు. వణుకు మొదలయ్యాక వార్మర్ (దుప్పటిలోకి వేడిగాలి ఊదే యంత్రం) కోసం పరుగెత్తుతారు.

అది ఆలస్యపు పరుగు. వేడి జారేది కోత కంటే ముందు, మత్తుతోనే. వెన్నులో సూది పడగానే కాళ్లలో రక్తనాళాలు తెరుచుకుంటాయి, ఒంటి లోపలి వేడి అటు దిగిపోతుంది. 'పెద్దయ్యా, సలి వెడుతున్నదా?' అని నర్సు అడిగితే 'లేదు బిడ్డా, కాళ్లు ఎచ్చగనే ఉన్నయి' అంటాడు. అబద్ధం కాదు. అందుకే అతని మాట కాదు, థర్మామీటర్ చూడాలి.

మందు ఒకటే: మత్తుకు ముందు కనీసం 30 నిమిషాలు వేడిగాలి దుప్పటి. కాళ్లూ చేతులూ ముందే వెచ్చబడితే లోపలి వేడి అటు పరుగు తీయదు. ఒంటి వేడి 36 డిగ్రీల సెల్సియస్ లేనిదే మత్తు వద్దని బ్రిటన్ మార్గదర్శకాలు 2008 నుంచీ చెబుతున్నాయి. పేషెంట్ ఒళ్లు కప్పేదాకా గది 21 డిగ్రీలకు తగ్గకూడదు. అర లీటరు, ఆపైన ఎక్కించే సెలైన్‌ను 37కు, కీలు కడిగే ద్రవాన్ని 38-40కి వేడిచేయాలి. అరగంటకోసారి టెంపరేచర్ రాయాలి. రక్తం ఆపడానికి తొడకు బిగించిన పట్టీ వదిలినప్పుడు చల్లబడ్డ కాలి రక్తం ఒక్కసారిగా పైకొస్తుంది, అప్పుడు మరోసారి చూడాలి. దుప్పటి ఖర్చు మిగులుతుందని వార్మర్ గొట్టాన్ని నేరుగా బెడ్‌షీటు కిందికి దూర్చడం మాత్రం నేరం. మొద్దుబారిన కాలు కాలినా పేషెంటుకు తెలియదు.

వేడిగాలి క్రిములను లేపుతుందని, గది వెచ్చబడితే ఇంప్లాంట్‌ను ఎముకకు అతికించే సిమెంట్ తొందరగా గట్టిపడుతుందని సర్జన్లు అంటారు. సిమెంట్ మాట నిజమే. కానీ వెచ్చగా ఉంచాల్సింది మనిషిని, సిమెంట్ కలిపే వేళకు గది చల్లబడితే నష్టం లేదు. గాలి విషయంలో వార్మర్లు వాడుతూనే ఉండమని మందులు, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే చెప్పింది.

తుంటి మార్పిడిలో ఒళ్లు 1.6 డిగ్రీలు చల్లబడితే అర లీటరు రక్తం అదనంగా పోయిందని 1996లో వియన్నా వైద్యులు చూపారు. ఆ రక్తం బ్యాగు కోసం తిరిగేది ఇంటివాళ్లే.

మన వైద్యంలో కంటికి కనిపించేదానికే విలువ. 2017లో మోకాలి ఇంప్లాంట్ల ధరకు కేంద్రం కళ్లెం వేస్తే ఊరూరా చర్చ జరిగింది. ఇప్పటికీ 'ఏ కంపెనీది సార్?' అని అడిగే కొడుకులు 'లోపలికి తీసుకెళ్లేముందు టెంపరేచర్ ఎంతుంది?' అని అడగరు. కేస్ షీట్‌లో చాలాచోట్ల ఆ గడి ఖాళీగానే ఉంటుంది.