టైర్ వన్ గారికి, అల్వాల్ నుంచి వ్రాయునది

మహారాజశ్రీ టైర్ వన్ గారికి,

అల్వాల్‌లో ఉంటున్న ఒక ఆడపిల్ల తండ్రి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అంటే షుగరూ బీపీ ఉన్నవాళ్లం వాటితోనే క్షేమం. మీరూ క్షేమమేనని తలుస్తాను. మీకేం తక్కువ, ఏడాదిన్నరగా మా ఇంట్లో మీ పేరు తలవకుండా ముద్ద దిగిన పూట లేదు.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. నేషనల్ లా యూనివర్సిటీల్ని జనం మెట్లుగా విడగొట్టి, పై మెట్టుకి పెట్టుకున్న పేరే మీరని పిల్లకి తెలుసు గానీ, మా అమ్మ చాలాకాలం మిమ్మల్ని బండి టైరు అనుకుంది. మనవరాలు ఫోన్లో ఫ్రెండుతో "టైర్ వన్ రాకపోతే టైర్ టూ అయినా రావాలి, టైర్ త్రీ అయితే మాత్రం డ్రాప్ తీసుకుంటా" అంటుంటే విని, నా దగ్గరికొచ్చి, "పిల్లకి బండి కొనిస్తున్నావట, నాకు చెప్పలేదేంరా? మూడు టైర్లంటే ఆటోనా?" అని అడిగింది. అప్పుడు పడీపడీ నవ్వాం. ఇప్పుడనిపిస్తోంది, మా అందరికంటే ఆవిడకే మీరు బాగా అర్థమయ్యారని. టైరన్నాక గాలి ఉంటేనే నిలబడుతుంది. మీకు గాలి కొడుతున్నది ఎవరో కనుక్కుందామనే ఈ ఉత్తరం.

నేను ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. ఫైలు మీద సంతకం లేకుండా, జీవో నంబరు లేకుండా మా దగ్గర ఫ్యాను రెగ్యులేటర్ కూడా మారదు. అందుకని మీ విషయంలోనూ నాకు అలవాటైన పనే చేశాను, మిమ్మల్ని పుట్టించిన కాగితం కోసం వెతికాను. ఫలానా లా యూనివర్సిటీలు టైర్ వన్, ఫలానావి టైర్ టూ అని ఎవరు రాశారు, ఏ తేదీన, ఏ హోదాలో? బార్ కౌన్సిల్ రాయలేదు. యూజీసీ రాయలేదు. క్లాట్ అనే లా ప్రవేశపరీక్ష పెట్టే యూనివర్సిటీల కన్సార్టియం 2017 నుంచి ఉంది, అదీ రాయలేదు. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో బెంగళూరు, ఢిల్లీ, హైదరాబాద్ లా యూనివర్సిటీలు దాదాపు ప్రతి ఏడూ మొదటి మూడు కుర్చీల్లోనే కూర్చుంటున్నాయన్న మాట నిజమే గానీ, అదే లిస్టులో ఆ కిందనే ఐఐటీ ఖరగ్‌పూర్ లా స్కూలూ ప్రైవేటు యూనివర్సిటీలూ కూడా కనబడతాయి, వాటిని మీ మనుషులు అరుగు కూడా ఎక్కనివ్వరు.

పోనీ వయసును బట్టా అంటే, భోపాల్‌ది 1997, హైదరాబాద్ పక్కనున్న మన నల్సార్‌ది 1998. ఏడాది పెద్దదైన భోపాల్‌ని మీ వాళ్లలో సగంమంది ఇంకా గడప మీదే నిలబెట్టారు, లోపలికి రమ్మంటారో పొమ్మంటారో చెప్పరు. పరీక్షను బట్టా అంటే, ఢిల్లీ అసలు క్లాట్‌లోనే లేదు, దానికి ఐలెట్ అని వేరే పరీక్ష, వేరే ఫీజు. అయినా మీ బంతిలో దానికి మొదటి విస్తరి.

ఇక నేషనల్ అన్న మాట. నేను కూడా ఇవన్నీ ఐఐటీల్లాగా ఢిల్లీ వాళ్లు పెట్టినవే అనుకున్నాను. చూస్తే ఒక్కోదానికీ ఒక్కో రాష్ట్రం అసెంబ్లీలో చట్టం చేసింది! బెంగళూరుది కర్ణాటక చట్టం, నల్సార్‌ది 1998 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం, విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య గారి పేరు మీద ఉన్నదానిది 2008 నాటి చట్టం. పేరులో దేశం, పుట్టుకలో రాష్ట్రం, ఫీజు దగ్గరికొస్తే తండ్రి ప్రావిడెంట్ ఫండ్. హాస్టలూ మెస్సూ కలిపి చాలాచోట్ల ఏడాదికి రెండున్నర లక్షల నుంచి నాలుగు లక్షల దాకా అడుగుతున్నారు. మీరు టైర్ త్రీ అని తోసేసిన చోట్ల కూడా ఫీజులో గాలి తీసినట్టు నాకైతే కనబడలేదు.

మా అమ్మాయి ఇంటర్‌లో సీఈసీ తీసుకుంది. హైదరాబాద్‌లో ఈ మాట పెళ్లి భోజనాల దగ్గర చెబితే ఎదుటివాళ్లు ఒక క్షణం ఆగి, గొంతు తగ్గించి, "ఏం, మ్యాథ్స్ కష్టమైందా?" అంటారు. ఆ పరామర్శలన్నీ తట్టుకుని క్లాట్ రాసింది. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పు రాస్తే పావు మార్కు కోత, ప్రశ్నల గుంపు గుంపుకీ ముందొక పాసేజీ. దరఖాస్తుకే 4,000 రూపాయలు. ర్యాంకు నాలుగంకెల్లో వచ్చింది. ఎంతో చెప్పను, చెబితే మీరు వెంటనే లెక్కేసి పిల్లని ఏ డబ్బాలో పడేయాలో పడేస్తారు. ఇక్కడ ఒక విడ్డూరం ఏంటంటే పరీక్ష డిసెంబర్‌లో, కౌన్సెలింగ్ దాని వెనకే. ఇంకా ఇంటర్ పరీక్షలు రాయనే లేదు, పాసవలేదు, అప్పుడే ఇరవైకి పైగా యూనివర్సిటీల్ని ఇష్టమైన వరుసలో పెట్టమంటే, వాటిలో ముప్పావువంతు ఊళ్లు మేము వాతావరణ వార్తల్లో తప్ప ఎక్కడా చూసినవి కావు.

అందుకని కోచింగ్ సెంటర్‌కి వెళ్లాం. ఏ కోచింగ్ సెంటరో వద్దులెండి, అన్నిచోట్లా అదే బోర్డు, అదే మార్కర్. అక్కడ కౌన్సెలర్ గారు బోర్డు మీద మూడు గీతలు గీసి కాలేజీలన్నీ పంచేశారు. కూరగాయల బండివాడు కూడా టమాటాలని అంత వేగంగా ఏరలేడు. నేను అలవాటు కొద్దీ "దీనికి ఆధారం ఏంటి సార్?" అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, "అందరికీ తెలిసిందే కదండీ" అన్నారు. ఈలోపు ఎవరో తల్లి లేచి, వాళ్లబ్బాయికి సీటొచ్చిన కాలేజీ టైర్ టూలో ఎందుకుందని గట్టిగా అడిగేసరికి, ఆయన దాన్ని తుడిచి, టైర్ వన్ కింద రాసి, పక్కన చిన్న మైనస్ గుర్తు పెట్టారు. మా ఆఫీసులో ఒక మనిషికి ప్రమోషన్ రావాలంటే పదకొండేళ్లు పట్టింది. ఇక్కడ ఒక యూనివర్సిటీకి డస్టర్‌తో అయిపోయింది.

ఉన్నమాట కూడా చెప్పాలి, మీరు ఒట్టి గాలి అని నేననను. పెద్ద లా ఫర్మ్‌ల వాళ్లు డే జీరో అని మొదటిరోజు రిక్రూట్‌మెంట్‌కి వెళ్లేది గుప్పెడు క్యాంపస్‌లకే, అక్కడ మొదటి జీతమే నా రిటైర్‌మెంట్ జీతం కంటే ఎక్కువ. ఫర్మ్‌లు అక్కడికే ఎందుకు వెళ్తాయంటే మంచి ర్యాంకుల పిల్లలు అక్కడే చేరతారు కాబట్టి, మంచి ర్యాంకుల పిల్లలు అక్కడే ఎందుకు చేరతారంటే ఫర్మ్‌లు అక్కడికే వస్తాయి కాబట్టి. మా దగ్గర ఇలాంటి ఫైళ్లు బోలెడు. నా టేబుల్ నుంచి నీ టేబుల్‌కి, నీ టేబుల్ నుంచి నా టేబుల్‌కి తిరుగుతుంటాయి, లోపల నిర్ణయం మాత్రం ఎవరూ రాయరు, ఫైలు మందం పెరుగుతుంది. అలా ఏళ్లకేళ్లు తిరిగి తిరిగి మందమైన ఫైలే మీరు.

మీ మొదటి కుర్చీలో కూర్చున్న బెంగళూరు వాళ్లకి 2020లో కరోనా టైంలో క్లాట్ మాటిమాటికీ వాయిదా పడుతోందని ఓపిక పోయి, ఎన్‌లాట్ అని సొంత పరీక్ష పెట్టేసుకున్నారు గుర్తుందా? సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, క్లాట్ ద్వారానే తీసుకోండి అంది. దేశానికి న్యాయశాస్త్రం నేర్పేవాళ్లే అడ్మిషన్ కేసులో ఓడిపోయారు. ఇదే పని మీరు టైర్ త్రీ అనే కాలేజీ ఏదైనా చేసి ఉంటే ఈపాటికి టైర్ ఫోర్ అని కొత్త అర కట్టించేవారు.

మా బామ్మర్ది మల్కాజిగిరిలో ప్రాక్టీస్ చేస్తాడు. ఉస్మానియా కింద ఒక కాలేజీలో, లాసెట్ రాసి చదివాడు. మీ గొడవంతా విని, "బావా, పద్దెనిమిదేళ్లుగా కోర్టుకెళ్తున్నా, నీది ఏ టైరని ఒక్క జడ్జి గారూ అడగలేదు. వాయిదా ఎందుకు కావాలి అని మాత్రం రోజూ అడుగుతారు" అన్నాడు. ఎక్కడ చదివినా రాయాల్సింది అదే ఆలిండియా బార్ ఎగ్జామ్. బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్ ఫీజు కూడా, 2024లో సుప్రీంకోర్టు ముక్కుతాడు వేశాక, జనరల్ వాళ్లకి 750 రూపాయలే. నల్సార్ పిల్లకీ 750, లాసెట్ పిల్లకీ 750. అదంతా విని మా అమ్మాయి, "మామయ్యా, నీకు కార్పొరేట్ లా తెలీదు" అంది. వాడు టీ తాగి వెళ్లిపోయాడు.

నాకు నిజంగా తెలుసుకోవాలని ఉన్న విషయాలు వేరే. పాఠం చెప్పేవాళ్లలో పర్మినెంట్ ఎంతమంది, లైబ్రరీ రాత్రి ఎన్నింటిదాకా, ఆడపిల్లల హాస్టల్లో నీళ్లెలా, ఇలాంటివి. తెలిసినవాళ్ల అమ్మాయి ఎక్కడో ఒక నేషనల్ లా యూనివర్సిటీలో మూడో ఏడు చదువుతోందంటే ఫోన్ చేశాను. "అంకుల్, కాంట్రాక్ట్స్ సార్ చాలా బాగా చెప్పేవారు, సెకండ్ సెమిస్టర్‌కి ఆయన కాంట్రాక్టే అయిపోయింది" అంది. ఇంకొకటి కూడా చెప్పింది, ఇదైతే ఏ బ్రోషర్‌లోనూ పెద్దక్షరాల్లో కనబడలేదు. ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ చెయ్యాలని బార్ కౌన్సిల్ రూలు. పిల్లలందరూ ఢిల్లీకో ముంబైకో పరిగెత్తుతారు, అక్కడ గది అద్దె, తిండి, మెట్రో కార్డు, నల్లకోటు ఇస్త్రీ, అన్నీ మనవే. ఫీజు కాగితంలో ఆ లైను ఉండదు. టైరు ఏదైనా పెట్రోలు మాత్రం ఇంటినుంచే పోయాలి.

ఒక ఆదివారం పొద్దున అమ్మాయిని బండి మీద షామీర్‌పేట తీసుకెళ్లాను. తుంకుంట దాటి, రాజీవ్ రహదారి మీద, మా ఇంటి నుంచి నల్సార్‌కి ముప్పావుగంట కూడా పట్టదు. గేటు దాకా వెళ్లి బయటే నిలబడ్డాం. లోపలికి వెళ్లొచ్చా అని అడగలేదు, ఎందుకో అడగబుద్ధి కాలేదు. అక్కడ జనరల్ సీట్లు దాదాపు మొదటి రెండొందల ర్యాంకుల్లోనే అయిపోతాయి. తెలంగాణ కోటా ఉంది, అది ఇంకొంచెం కిందికి దిగుతుంది గానీ మా దాకా దిగదు. చెరువు చూసి, రోడ్డు పక్క ధాబాలో పరోటా తిని వచ్చేశాం. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, "దగ్గరే కదా నాన్నా, వీకెండ్ ఇంటికి రావచ్చు అనుకున్నా" అంది.

లిస్టు పెట్టిన రాత్రి సంగతి చెప్తాను. గడువుకి ఇంకో ఇరవై నిమిషాలుంది. నేను వెనక నిలబడి చూస్తున్నాను, విశాఖపట్నాన్ని గువాహటి కింద పెట్టింది. "అదేంటమ్మా, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. గువాహటి అంటే రైల్లో దగ్గర దగ్గర రెండు రోజులు. పైగా విశాఖది 2008 చట్టం, అస్సాందేమో 2009, పెద్దది కూడా అదే" అన్నాను. "నాన్నా, నీకర్థం కాదు. గువాహటి టైర్ టూలో ఆఖరిది, విశాఖ టైర్ త్రీలో మొదటిది" అంది. ఆ రెంటికీ మధ్య ఎంత తేడా ఉంటుందో నేను అడగలేదు, ఇరవై నిమిషాలు పదకొండయ్యాయి. మా అమ్మ మాత్రం మంచం మీద నుంచే, "స్టెప్నీ ఉందో లేదో చూసుకోండి" అంది. ఆవిడ ఇంకా బండి దగ్గరే ఉంది.

మొదటి రౌండులో గువాహటి వచ్చింది. ఇప్పుడు తెర మీద మూడు బటన్లు: ఫ్రీజ్, ఫ్లోట్, ఎగ్జిట్. ఫ్రీజ్ నొక్కితే గువాహటి ఖాయం. ఫ్లోట్ నొక్కితే వచ్చే రౌండులో ఇంకా పైది రావచ్చు, రాకపోతే ఇదే. ఎగ్జిట్ అంటే తెలుసు కదా. కట్టాల్సిన డబ్బుకి నేను జీపీఎఫ్ లోనుకి దరఖాస్తు పెట్టాను, అది సంతకం కోసం పై టేబుల్ మీద ఉంది, అక్కడ ఫ్లోట్‌లో ఉంది.

ఇందుమూలంగా కోరేదేమనగా, రేపు సాయంత్రం ఐదు గంటల్లోగా, గువాహటి ఏ టైరో, ఎవరు ఖరారు చేశారో, తేదీ, హోదా, సంతకంతో ఒక ముక్క రాసి పంపగలరు. ఇన్‌వార్డ్‌లో ఎక్కించి అమ్మాయికి చూపిస్తాను. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులోనే పంపుదామనుకున్నాను. కవరు మీద మీ పేరు రాసి, చిరునామా కోసం రెండు రోజులుగా వెతుకుతున్నాను.

ఇట్లు
మీకు తెలియని ఒక నాలుగంకెల ర్యాంకు తండ్రి
అల్వాల్