3.83 తెచ్చుకున్న మా మేనల్లుడికి గ్రాంటు ఆగిన వైనం

మా బావగారు తెనాలిలో చాలాకాలం లెక్కల ట్యూషన్ సెంటరు నడిపిన మనిషి. వారి అన్నగారు ఎప్పుడో వేసిన పిటిషను పుష్కరం దాటాక ఫలించడంతో గ్రీన్ కార్డుల మీద సకుటుంబంగా న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చి స్థిరపడి, ప్రస్తుతం ఒక ఇండియన్ గ్రోసరీ దుకాణంలో పద్దులు చూస్తున్నారు. దేశం మారింది, ఉద్యోగం మారింది. మార్కుల విషయంలో తన మాటకు తిరుగులేదన్న ఆయన నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఆ ఇంటి పిల్లల మార్కుల పట్టీ తెప్పించుకుని చూసి, ఒక సలహా చెప్పనిదే ఆయనకు మజ్జిగన్నం సహించదు.

ఆయన ఏకైక పుత్రుడు, అంటే నా మేనల్లుడు, హైస్కూలు ముగించి ఇంటికి దగ్గరలోనే ఉన్న ఒక కాలేజీలో చేరాడు. ఇంటి ఆదాయం అంతంతమాత్రం కనుక, ఫాఫ్సా, అంటే ప్రభుత్వ విద్యా సాయం కోరే దరఖాస్తు, పెట్టగానే ఫెడరల్ ప్రభుత్వంవారి పెల్ గ్రాంటు పూర్తి మొత్తం, అంటే ఏడాదికి 7,395 డాలర్లు, మంజూరైంది. దానికి తోడు మొదటి సంవత్సరం విద్యార్థులకిచ్చే 5,500 డాలర్ల ప్రభుత్వ రుణం కూడా దొరికింది. రుణం సంగతి ఎలా ఉన్నా గ్రాంటు సొమ్ము తిరిగి కట్టనక్కరలేదని తెలిశాక బావగారు, "ఇది మన ఫీజు రీయింబర్స్‌మెంటు లాంటిదేనోయ్, డెబ్బై అయిదు శాతం హాజరు చూసుకుంటే చాలు" అని తేల్చేశారు. మంజూరు పత్రం అడుగున, విద్యార్థి సంతృప్తికరమైన ప్రగతి కనబరుస్తున్నంత కాలమే ఈ సాయం కొనసాగుతుందని చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉన్నది. చిన్న అక్షరాలను ఇంటి అప్పు కాగితాల్లోనే చదవని వంశం మాది; పైగా ట్యూషన్ మాస్టారి కొడుక్కి ప్రగతి గురించి ఇంకొకరు చెప్పడమేమిటి?

మొదటి సెమిస్టరులో కుర్రవాడు 16 క్రెడిట్లకు, అంటే కోర్సుల బరువును కొలిచే యూనిట్లకు, సరిపడా కోర్సులు తీసుకున్నాడు. అక్టోబరులో కెమిస్ట్రీ మిడ్‌టర్మ్‌లో 71 మార్కులు వచ్చేసరికి ఇంట్లో పొయ్యి వెలగనంత విషాదం అలముకున్నది. బావగారు ఆ రాత్రే కాలేజీ నిబంధనలన్నీ గాలించి, పదో వారం లోపల కోర్సు వదులుకుంటే మార్కుల పట్టీలో డబ్ల్యూ అనే అక్షరం పడుతుందే తప్ప అది జి.పి.ఎ.లో, అంటే నాలుగుకు గాను లెక్కకట్టే సగటు గ్రేడులో, కలవదన్న సూక్ష్మాన్ని కనిపెట్టారు. ఆ కనిపెట్టడంలో ఆయన పొందిన ఆనందం నేను ఫోనులోనే గ్రహించాను. "ఈ సౌకర్యం తెనాలిలో ఉండి ఉంటే నా పిల్లలందరికీ స్టేటు ర్యాంకులే వచ్చేవి కదయ్యా!" అని ఆయన నిజంగానే బాధపడ్డారు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఒక సిద్ధాంతం అమల్లోకి వచ్చింది. మిడ్‌టర్మ్ మార్కులు చూసి, ఎ వచ్చే సూచన ఉన్న కోర్సును ఉంచుకోవడం, లేనిదాన్ని మొహమాటం లేకుండా వదిలించుకోవడం. ఆ లెక్కన మొదటి సెమిస్టరులో నాలుగు క్రెడిట్ల కెమిస్ట్రీ, మూడు క్రెడిట్ల ఎకనామిక్స్ పోగా తొమ్మిది క్రెడిట్లు మిగిలాయి. రెండో సెమిస్టరులో 15 క్రెడిట్లు తీసుకుంటే స్టాటిస్టిక్స్ ఒకటి, ఇంగ్లీషు వ్యాసరచన ఒకటి గాలికిపోయి మళ్లీ తొమ్మిదే మిగిలాయి. లెక్కల మాస్టారి కొడుకు స్టాటిస్టిక్స్ వదులుకోవడమేమిటని నేను అడిగితే, ఆ ప్రొఫెసరుకు పేపరు దిద్దడం రాదని బావగారు సెలవిచ్చారు. మొత్తం మీద ఏడాది చివరికి మూడు క్రెడిట్లలో బి, మిగిలిన పదిహేనింటిలో ఎ వచ్చి జి.పి.ఎ. 3.83 వద్ద నిలిచింది. ఆ బి వచ్చే సంగతి ముందుగా పసిగట్టలేకపోయామని తండ్రీకొడుకులిద్దరూ కొంతకాలం కుమిలిపోయారు.

మధ్యలో, జనవరిలో, ఒక హెచ్చరిక వచ్చింది. అది కుర్రవాడి కాలేజీ మెయిలుకు వచ్చింది కనుక ఫిబ్రవరి దాకా ఎవరూ చూడలేదు. ఈ కాలపు పిల్లలు మెయిలు తెరవడమన్నది మనం టెలిగ్రాము ఇవ్వడం లాంటిది. చూశాక తండ్రికి చెప్పాడు. "డబ్బు ఆపారా?" అని ఆయన అడిగారు. ఆపలేదు, ఈ సెమిస్టరుకు యథాప్రకారం వస్తుంది అన్నాడు. "అయితే అది మెమో అన్నమాట" అని బావగారు నవ్వేశారు. మన ఆఫీసుల్లో మెమోలు అందుకున్నవాళ్లు తర్వాత ప్రమోషన్లు కూడా అందుకున్న సందర్భాలు ఆయనకు బోలెడు తెలుసు.

జూన్ నెలలో వచ్చినది మెమో కాదు. తదుపరి సెమిస్టరు నుంచి గ్రాంటూ, రుణమూ రెండూ నిలిపివేసినట్టు అందులో స్పష్టంగా రాసి ఉన్నది. పొరపాటున ఇంకెవరి ఉత్తరమో వచ్చిందని బావగారు పేరు రెండుసార్లు సరిచూసుకున్నారు. ఆయనను అన్నిటికన్నా కుంగదీసిన విషయం వేరే ఉంది. పై అంతస్తులోని గుంటూరువారి అబ్బాయి, సి.లూ డి.లూ పోగుచేసుకుని 2.1 తో గట్టెక్కిన మహానుభావుడు, అదే కాలేజీలో అదే గ్రాంటు నిక్షేపంగా అందుకుంటూ, అందులో మిగిలిన సొమ్ముతో కొన్న కొత్త ల్యాప్‌టాప్‌ను మెట్ల మీద కూర్చుని మరీ వాడుతున్నాడు.

బావగారు వెంటనే కాలేజీవారి ఆర్థిక సహాయ కార్యాలయానికి ఫోను చేసి, తాను ఫలానా విద్యార్థి తండ్రినని పరిచయం చేసుకున్నారు. అవతలి ఆవిడ ఎంతో సంతోషించి, 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డులు విద్యార్థివేననీ, అతని అనుమతి లేనిదే కన్నతండ్రికైనా ఒక్క ముక్క చెప్పడం తమ కాలేజీ పద్ధతి కాదనీ మర్యాదగా విన్నవించింది. "ఫీజు కట్టేది నేనండీ" అన్నారు బావగారు. ఫీజు కట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదని ఆవిడ అంతే మర్యాదగా చెప్పింది. చివరికి కుర్రవాణ్ణి నిద్రలేపి, ఫోను స్పీకరులో పెట్టి, తన తండ్రి వినడానికి తనకు అభ్యంతరం లేదని అతని చేత ఆవలిస్తూ చెప్పించాక అసలు కథ బయటపడింది.

ఆ కథ సారాంశం ఇది. ఫెడరల్ సాయం కొనసాగాలంటే జి.పి.ఎ. ఒక్కటే చూడరు. ఆ కాలేజీలో జి.పి.ఎ. 2.0 ఉంటే చాలు. మనవాడు ఆ గీతకు ఆమడ దూరం పైన ఉన్నాడు. రెండోది వేగం. విద్యార్థి ప్రయత్నించిన క్రెడిట్లు హారం, పూర్తిచేసినవి లవం. ఆ భిన్నం 67 శాతానికి తగ్గకూడదు. ఎఫ్ వచ్చినా, డబ్ల్యూ వచ్చినా, పని ముగించక ఐ వచ్చినా ఆ క్రెడిట్లు హారంలో మాత్రం భద్రంగా చేరతాయి, లవం వైపు కన్నెత్తి చూడవు. మన కుర్రవాడు 31 ప్రయత్నించి 18 పూర్తిచేశాడు గనుక లెక్క 58 శాతం దగ్గర ఆగింది. గుంటూరువారి అబ్బాయి తెచ్చుకున్న డి.లు సైతం పూర్తయిన క్రెడిట్లే కాబట్టి అతని వేగం నూటికి నూరు. మొదటి సెమిస్టరు తర్వాత హెచ్చరిక, రెండోదాని తర్వాత నిలిపివేత. పద్ధతి తప్పకుండానే జరిగింది.

"డెబ్బై కాదు, అరవై కాదు, ఈ అరవై ఏడేమిటండీ?" అని బావగారు ఆవిడతో చాలాసేపు వాదించి ఓడిపోయారు. రాత్రి పన్నెండు దాటాక నాకు ఫోను వచ్చింది. డిగ్రీకి 120 క్రెడిట్లనుకో, నిర్ణీత కాలానికి ఒకటిన్నర రెట్లకు మించి సాయం ఇవ్వరు కనుక 180 క్రెడిట్లు ప్రయత్నించేలోపు అంతా ముగియాలి, 120 ని 180 తో భాగిస్తే మూడింట రెండు వంతులు, అదేనోయ్ అరవై ఏడు, అని ఆయన గొంతు తగ్గించి చెప్పారు. తన కడుపు కొట్టిన సూత్రమే అయినా అంత శుభ్రంగా తేలినందుకు ఆయనకు లోలోపల ముచ్చటేసింది. ఆ ఊపులో ఇంకో లెక్క కూడా చేసి చూశారట: వదులుకున్న పదమూడు క్రెడిట్లనూ వదులుకోకుండా అన్నింట్లో సి తెచ్చుకుని ఉంటే జి.పి.ఎ. 3.06, వేగం నూటికి నూరు, గ్రాంటు చేతిలో. ఈ రెండో లెక్క చెప్పేటప్పుడు ముచ్చట లేదు.

ఇక మిగిలినది అప్పీలు. శనివారం రాత్రి తొమ్మిది గంటలకు వాళ్ల డైనింగ్ టేబులు దగ్గర సభ తీరింది. ఇంగ్లీషు ఉత్తరాలు బాగా రాస్తానన్న అపవాదు నా మీద ఉంది కాబట్టి నన్ను పిలిచారు. టేబులు మీద గోంగూర పచ్చడి సీసాకు ఆనించి ఒక ఫోను నిలబెట్టి ఉంది. అందులో తెనాలిలో తెల్లవారి ఆరున్నరకు మా బావగారి తల్లిగారు స్టవ్వు ముందు కాఫీ కలుపుకుంటున్నారు. వారానికోసారి జరిగే వీడియో కాల్ అది, మాట్లాడటం అయిపోయినా పెట్టేయడం ఎవరికీ గుర్తుండదు.

అప్పీలుకు తగిన కారణాలేమిటో మా మేనల్లుడు చదివి వినిపించాడు. విద్యార్థికి అనారోగ్యమో, గాయమో అయి ఉండాలి, లేదా దగ్గరి బంధువు మరణించి ఉండాలి, లేదా అటువంటి ప్రత్యేక పరిస్థితి మరొకటి ఉండాలి. ఏమి జరిగిందో, ఇప్పుడు ఏమి మారిందో రెండూ రాయాలి.

"టైఫాయిడ్ పెడదాం" అన్నారు బావగారు తక్షణం. తన పాత విద్యార్థి ఒకడు తెనాలిలో ప్రాక్టీసు పెట్టాడట, సర్టిఫికెట్ పంపిస్తాడట. ఎడిసన్‌లో మంచం పట్టినవాడికి తెనాలి డాక్టరు నాడి ఎలా చూశాడని మా అక్కయ్య అడిగింది. బావగారు కాసేపు ఆలోచించి, గొంతు సవరించుకుని, "అయితే బంధువు..." అని ఆగారు. అందరి చూపులూ అనుకోకుండా పచ్చడి సీసా వైపు తిరిగాయి.

"ఎవర్రా పోయింది?" అన్నారు అత్తయ్యగారు ఫోనులోంచి.

ఎవరూ పోలేదని చెప్పబోయిన బావగారు, తల్లి ముందు అబద్ధమాడే అలవాటు లేకపోవడంతో, మొత్తం చెప్పేశారు. ఆవిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టి సావధానంగా విన్నారు.

"పోతే ఎంతిస్తారుట?"

"ఏడాదికి ఏడువేల మూడువందల తొంభై అయిదు డాలర్లమ్మా. మన డబ్బుల్లో ఆరు లక్షల పైమాటే."

"మీ నాన్న నిజంగా పోయినప్పుడు ఇన్సూరెన్సువాళ్లు కూడా అంత ఇవ్వలేదు. సరే, రాసుకోండి. కానీ పన్నెండో రోజుకి నువ్వు రావాలి. ఎలాగూ వచ్చి చాలాకాలమైంది."

బావగారు బిత్తరపోయారు. మా అక్కయ్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. మా మేనల్లుడొక్కడే నిర్వికారంగా, మరణ ధ్రువీకరణ పత్రం జతచేయాలనీ, అదీగాక సాయం కోసం తప్పుడు సమాచారమిస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా పడవచ్చని ఫాఫ్సా దరఖాస్తులోనే హెచ్చరిస్తారనీ గుర్తుచేశాడు. "సర్టిఫికెట్టా? మునిసిపాలిటీవాళ్లు మనిషి బతికుండగా ఇవ్వరురా" అని అత్తయ్యగారు కాస్త నిరాశగా గ్లాసు అందుకున్నారు.

నా కలానికి పని పడలేదు. "నేనే రాసుకుంటాలే మావయ్యా" అని మా మేనల్లుడు గదిలోకి వెళ్లాడు. మర్నాడు అతను పంపిన అప్పీలు కాపీ నేను చూశాను. తన ఆరోగ్యం బాగానే ఉందనీ, నాయనమ్మ క్షేమమనీ మొదలుపెట్టి, పదమూడు క్రెడిట్లు వదులుకోవడానికి కారణం తండ్రిగారి సలహా అనీ, ఆయన భారతదేశంలో పేరున్న ఉపాధ్యాయుడు కావడంతో కాలేజీ అడ్వైజరును విడిగా అడగాలని తనకు తోచలేదనీ రాశాడు. ఇప్పుడు ఏమి మారిందన్న ప్రశ్న కింద రెండే వాక్యాలున్నాయి: "ఇకపై కోర్సు వదులుకునే ముందు అడ్వైజరును కలుస్తాను. నాన్నగారిని అడగను."

కొద్ది వారాల్లో అప్పీలు మంజూరైంది. ఒక సెమిస్టరు పాటు ప్రొబేషన్. అడ్వైజరు గీసిచ్చిన ప్రణాళిక ప్రకారం 15 క్రెడిట్లు తీసుకుని ఒక్కటీ వదలకుండా పూర్తిచేయాలి, అప్పుడు 46 కి 33 అయి వేగం 71 శాతం దాటుతుంది. అందులో కెమిస్ట్రీ కూడా ఉన్నది. ఈ వార్త తెలియగానే బావగారు, వదిలినవీ హారంలో చేరతాయన్న సంగతి మరిచి, కాగితం, పెన్సిలు తీసుకుని, అన్ని అక్కరలేదు, తొమ్మిది పూర్తిచేసినా 40 కి 27, అరవై ఏడున్నర వచ్చేస్తుంది, మిగిలినవాటిలో ఎ రాకపోతే ఇంకా పదో వారం దాకా గడువుంది కదా అని ప్రారంభించారు. మా అక్కయ్య ఆయన చేతిలోని పెన్సిలు తీసేసుకుంది.

ప్రణాళికలో అసలేమి రాశారో స్వయంగా తెలుసుకుందామని ఆయన మళ్లీ ఆ కార్యాలయానికి ఫోను చేశారు. అదే ఆవిడ, అదే మర్యాద; విద్యార్థి సంతకం చేసిన అనుమతి పత్రం కావాలన్నది. ఆ పత్రంలో మార్కులకొక గడి, ఆర్థిక సహాయానికొక గడి, ఫీజు బిల్లులకొక గడి వేరువేరుగా ఉంటాయి. మా మేనల్లుడు దాన్ని రెండు రోజులు దగ్గర పెట్టుకుని, శ్రద్ధగా చదివి, మూడో గడిలో మాత్రం టిక్కు పెట్టి సంతకం చేసి పంపాడు. అప్పటినుంచి కాలేజీవారు బావగారికి బిల్లులు మాత్రం ఠంచనుగా పంపిస్తున్నారు.