సే, టెల్ తేడాకి ఒక కథ పోయింది

మొన్న ఇక్కడ మన తెలుగువాళ్ళ ఉగాది ప్రోగ్రాంలో పచ్చడి పంచాక, ఒక పెద్దావిడని స్టేజీ మీదకి పిలిచి పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు కదా. పిల్లలకి తెలుగు సరిగ్గా అర్థం కాదని ఆవిడ పాపం ఇంగ్లీషులోనే మొదలుపెట్టి "ఐ విల్ సే యూ వన్ స్టోరీ" అన్నారు. యాంకరింగ్ చేస్తున్నబ్బాయి మైకులో "సే కాదు ఆంటీ, టెల్" అన్నాడు, హాలంతా నవ్వింది, ఆవిడ మైకు ఇచ్చేసి వచ్చి కూర్చున్నారు. నేనూ నవ్వాను, ఇంటికెళ్ళాక నిద్ర పట్టలేదు.

ఎందుకంటే 2004లో నేనిక్కడికి వచ్చిన కొత్తలో ఒక కాన్ఫరెన్స్ కాల్‌లో లైను సరిగ్గా లేక మా మేనేజర్ మాట సగం వినపడలేదు, నేను "ఐ యామ్ నాట్ లిజనింగ్ టు యూ" అన్నాను. అటు నుంచి చప్పుడు లేదు. మీ మాట నేను వినను పొమ్మన్నట్టు అయిందని సాయంత్రం పక్క సీటాయన మెల్లగా చెప్పాడు, నవ్వలేదు. ఆ రాత్రే తట్టింది, మనకీ ఆ తేడా ఉందిగా! విను అంటే లిజన్, వినపడు అంటే హియర్. చూడు అంటే లుక్, కనపడు అంటే దాదాపు సీ.

సే, టెల్ కూడా అంతేనండి. "నాతో అన్నాడు", "నాకు చెప్పాడు" అంటాం చూడండి, అను దగ్గర సే, చెప్పు దగ్గర టెల్ పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. సే టు మీ అని మధ్యలో టు వస్తుంది, టెల్ మీకి అది అక్కర్లేదు. ఇంత చిన్న విషయం ఆవిడకి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పొచ్చు, మైకులో ఎందుకు?

మన పిల్లల తెలుగుకీ ఇదే చేస్తున్నాం. ఉతకడం, కడగడం, తోమడం అన్నిటికీ వాళ్ళకి తెలిసింది వాష్ ఒక్కటే, అందుకే మా అమ్మాయి చిన్నప్పుడు "గిన్నెలు ఉతుకుతా" అంది. చుట్టాలంతా పగలబడి నవ్వారు, దాన్నే పదిసార్లు అనిపించారు, ఆ తర్వాత అది వాళ్ళ ముందు తెలుగు మాట్లాడ్డం మానేసింది. ఇప్పుడు కాలేజీకి వచ్చింది, ఇంకా ఇంగ్లీషులోనే జవాబిస్తుంది.

ప్రోగ్రాం కమిటీవాళ్ళని ఒక్కటే అడుగుతున్నా. ఆ పెద్దావిడ జూలై చివర్లో ఇండియా వెళ్ళిపోతున్నారట, ఈలోపు సమ్మర్ పిక్నిక్ ఉంది. చెట్టు కింద దుప్పటి పరిచి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, ఆ కథ ఆవిడ చేత తెలుగులోనే చెప్పించండి, మధ్యలో పిల్లలకి నేను ఇంగ్లీషులో అందిస్తా.