సవరణ: ఆ దళం పేరు ఫ్రాంక్లిన్‌ది కాదు

ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టిన స్వచ్ఛంద అగ్నిమాపక దళం గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. దాని పేరు "ఫ్రాంక్లిన్ ఫైర్ కంపెనీ" అనీ, అమెరికాలో మంటలార్పడానికి జనం జట్టు కట్టడం అదే మొదలనీ రాశాను. రెండూ సరికావు.

1736 డిసెంబర్ 7న పుట్టిన ఆ జట్టు పేరు యూనియన్ ఫైర్ కంపెనీ. అంతకుముందే, 1717లో, బోస్టన్‌లో ఇరుగుపొరుగు కలిసి ఇలాంటి సంఘం పెట్టుకున్నారు. బోస్టన్‌లో పుట్టి పెరిగిన ఫ్రాంక్లిన్‌కి ఆలోచన అక్కణ్ణుంచే వచ్చింది.

నిజానికి నేను చెప్పాల్సింది జీతం, యూనిఫాం లేని ఆ సభ్యుల గురించి. ఒక్కొక్కరు ఇంట్లో కొన్ని తోలు బకెట్లు, గట్టి సంచులు సిద్ధంగా ఉంచుకోవాలి. బకెట్లు నీళ్లకి, సంచులు కాలుతున్న ఇంట్లోంచి సామాను బయటికి మోయడానికి. మీటింగ్‌కి రాకపోతే జరిమానా. ఆ డబ్బులతోనే నిచ్చెనలు, ఫైర్ ఇంజన్లు కొన్నారు. (మన అపార్ట్‌మెంట్ సంఘాల్లో ఈ రూలు పెడితే ఖజానా నిండిపోతుంది!)

సభ్యులు ముప్పైమందికి చేరాక కొత్తగా వచ్చినవాళ్లని మీరే ఇంకో జట్టు పెట్టుకోండి అన్నారు. అలా 1738లో ఫెలోషిప్ అనే జట్టు వచ్చింది, తర్వాత హ్యాండ్-ఇన్-హ్యాండ్, హార్ట్-ఇన్-హ్యాండ్. పేర్లన్నీ స్నేహం, ఐకమత్యం చుట్టూనే తిరిగాయి. నేను మాత్రం యూనియన్‌కి వ్యవస్థాపకుడి పేరు అంటగట్టాను.

జీతాలిచ్చే దళం ఫిలడెల్ఫియాకి 1871లో గానీ రాలేదు.